వాననీళ్లు ఎటు పోతాయో తేలాకే ఇంటి లెవెల్ పెట్టండి: 200 గజాల ప్లాటుకు పద్ధతి

ఎండాకాలం మధ్యలోకి వచ్చేసరికి అడిగే ప్రశ్నలన్నీ దాదాపు ఇవే. "రోడ్డు కన్నా ఎంత ఎత్తు లేపాలి?", "ఇంకుడు గుంత తవ్విస్తే చాలదా?", "పక్క ప్లాటాయన టిప్పర్లకు టిప్పర్లు మట్టి పోయించాడు, ఇప్పుడు నీళ్లన్నీ మా వైపే, ఏం చేయాలి?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నా. లెక్కల కోసం హైదరాబాద్ శివారు వెంచర్లలో ఎక్కువగా కనిపించే 30 బై 60 ప్లాటు, అంటే 200 గజాలు, తీసుకున్నా. మీది వేరే సైజైతే అంకెలు మార్చుకోండి, పనుల వరస మాత్రం మార్చకండి.

ఎందుకంటే చాలామంది వరసే తప్పుగా పట్టుకుంటారు. ముందు "ఇల్లు మూడడుగులు లేపుదాం" అనుకుంటారు, తర్వాత మట్టి పోయిస్తారు, గోడలు లేస్తాయి, టైల్స్ పడతాయి, అన్నీ అయ్యాక తొలకరిలో వెనక సెట్‌బ్యాక్‌లో (ఇంటి గోడకూ కాంపౌండ్ గోడకూ మధ్య వదిలే జాగా) నీళ్లు నిలిచిపోతే అప్పుడు మేస్త్రీకి ఫోన్ చేస్తారు. దీన్ని తిరగేసి చేయాలి. నీళ్లు మీ ప్లాటు దాటి బయటపడే చోటు ముందు తేల్చండి, దాని లెవెల్ తీయండి, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ వస్తే ఇంటి ఎత్తు దానంతటదే వస్తుంది.

కావలసినవి

- లెవెల్ పైపు. మేస్త్రీలు వాడే, నీళ్లు నింపిన సన్నటి తెల్ల గొట్టం. 60 అడుగుల ప్లాటుకు కనీసం 80 అడుగుల గొట్టం ఉంటే ఇబ్బంది ఉండదు. సర్వే చేసేవాళ్లు ఆటో లెవెల్ (స్టాండు మీద పెట్టి ఎత్తు తేడాలు చూసే పరికరం) తెస్తే ఇంకా మంచిది.
- టేపు, దారం, సున్నం లేదా ముగ్గుపిండి, నాలుగు మేకులు
- గడ్డపార, రెండు బకెట్లు, ఫోన్‌లో టైమరు (నేల పరీక్షకు)
- లేఅవుట్ ప్లాను కాపీ, దొరికితే గ్రామ నక్ష (ఊరి సర్వే మ్యాపు)
- 110 ఎంఎం, 160 ఎంఎం పీవీసీ పైపులు, ఛాంబర్లు (పైపు లైను మధ్యలో కట్టే చిన్న తొట్లు), జాలీలు (ఇవి తర్వాత)

ముందు ఒక్క లెక్క

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. అంతకు మించిన సిద్ధాంతం మనకు అక్కర్లేదు. 200 గజాలంటే సుమారు 167 చదరపు మీటర్లు. గంటలో 5 సెంటీమీటర్ల వాన కురిస్తే ఎనిమిది వేల లీటర్లు దాటుతుంది. ప్లాటు అంతా స్లాబు, టైల్స్, సిమెంటు అయినప్పుడు అందులో సుమారు ఏడు వేల లీటర్లు ఎటో ఒకవైపు పారాల్సిందే. 5,000 లీటర్ల ట్యాంకరుతో చూస్తే గంటలో దాదాపు ట్యాంకరున్నర మీ వాకిట్లో గుమ్మరించినట్టు. 2020 అక్టోబర్ 13, 14 తేదీల్లో బేగంపేటలో 24 గంటల్లో 19 సెంటీమీటర్లకు పైగా కురిసింది. 2000 ఆగస్టులో ఒక్కరోజులో 24 సెంటీమీటర్లు పడింది. 19 అనుకున్నా మీ ఒక్క ప్లాటుకే ఆరు ట్యాంకర్లకు పైన. గంటకు ఏడు వేల లీటర్లు అన్న అంకె గుర్తుంచుకోండి, ఇంకుడు గుంత దగ్గర మళ్లీ పనికొస్తుంది.

1. నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోతున్నాయో చూడండి

ప్లాటు ఇంకా కొనకపోతే అదృష్టవంతులు, ఒక వాన పడేదాకా ఆగి, వాన వెలిసిన వెంటనే వెళ్లి చూడండి. కొనేసి ఉంటే కూడా ఇదే పని. ప్లాటు ఒక్కటే చూస్తే లాభం లేదు, వీధి చివరిదాకా నడవాలి. నీళ్లు ఏ మూల ఆగుతున్నాయి, ఎదురు గోడల మీద మట్టి చార ఎంత ఎత్తులో ఉంది, పాత ఇళ్లకు గుమ్మం ముందు మెట్లు ఎన్ని ఉన్నాయి గమనించండి. అక్కడ పదేళ్లుగా ఉంటున్నవాళ్లు ఇంటి మెట్లు ఊరికే పెంచుకోరు.

ఎండాకాలంలో వెళ్తే కూడా నేల చెబుతుంది. తుంగ, జమ్ము మొలిచిన చోట నీళ్లు చాలాకాలం నిలుస్తాయని అర్థం. నల్లతుమ్మలు గుంపుగా ఉంటే అది ఒకప్పటి చెరువు శిఖమేమో (చెరువు నీళ్లు నిలిచే భూమి) అని అనుమానించండి. గొర్రెలు కాసేవాళ్లనీ, పాత రైతులనీ అడగండి: "ఇక్కడ ఒర్రె (చిన్న వాగు) ఉండేదా? పైన చెరువు మత్తడి (అలుగు) దుంకితే నీళ్లు ఎటు పోయేవి?" తెలంగాణలో చెరువులు గొలుసుకట్టు. పై చెరువు అలుగు పారితే కింది చెరువుకు పోయే దారి ఒకటి ఉండి తీరుతుంది, మధ్యలో వెంచర్ వేసినంత మాత్రాన నీళ్లు ఆ దారి మర్చిపోవు. గ్రామ నక్షలో ఆ దారి గీసి ఉంటుంది. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల ఉపగ్రహ చిత్రాలు వెనక్కి తిప్పి చూస్తే కూడా పచ్చటి చారలా కనబడుతుంది.

విజయవాడ వైపు వాళ్లకైతే 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు నీళ్లు ఎందాకా వచ్చాయో అడిగితే చాలు, సింగ్ నగర్ పరిసరాల్లో ఇది చెప్పలేనివాళ్లు ఉండరు.

హెచ్చరిక: ప్లాటు చెరువు ఎఫ్‌టీఎల్‌లోనో (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే హద్దు) బఫర్‌లోనో (ఆ హద్దు చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగా) ఉంటే కింద రాసిన స్టెప్పులేవీ మిమ్మల్ని కాపాడవు. 2012లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంటకు 9 మీటర్లు, 10 మీటర్ల వరకు వెడల్పున్న నాలాకు 2 మీటర్లు, అంతకన్నా వెడల్పున్నదానికి 9 మీటర్లు వదలాలి. వెంచర్ వాళ్ల నోటిమాట నమ్మకుండా, అనుమతి ఇచ్చే ఆఫీసులో మీ సర్వే నంబరుకు ఏముందో కాగితం మీద తీసుకోండి.

2. బయటికి పోయే చోటు లెవెల్ తీయండి

మీ ఇంటి ముందు నీళ్లు చేరే చోటు ఏది? మూడే జవాబులు ఉంటాయి: రోడ్డు పక్క సైడు కాలువ, వాననీటి పైపులైను, లేదా ఏమీ లేదు, రోడ్డు మీదికే.

సైడు కాలువ ఉంటే దాని అడుగు లెవెల్‌తో పాటు, గట్టి వానలో అది ఎంతవరకు నిండుతుందో కూడా గుర్తు పెట్టుకోండి. మీ పైపు నోరు ఆ నిండు మట్టం కన్నా పైన ఉండాలి. కింద ఉంటే వానాకాలంలో కాలువ నీళ్లే మీ ఇంట్లోకి ఎదురు వస్తాయి. ఇది చాలా ఇళ్లలో జరిగేదే, "మా పైపు బాగానే ఉంది కానీ నీళ్లు పోవట్లేదు" అనేవాళ్లలో సగం మంది కథ ఇదే అయి ఉంటుంది.

వాననీళ్లను మురుగు మ్యాన్‌హోల్‌కి కలపొద్దు. మేస్త్రీ "అందరూ అలాగే చేస్తారు సార్" అంటాడు. నిజమే, అందుకే వాన పడగానే కాలనీలో మ్యాన్‌హోళ్లు పొంగుతాయి, ఆ నీళ్లు అందరికన్నా పల్లంలో ఉన్న ఇంటి బాత్రూం జాలీలోంచి పైకి వస్తాయి. ఆ పల్లంలో ఉన్న ఇల్లు మీదే కావచ్చు.

కాలువా లేక పైపూ లేకపోతే నీళ్లు రోడ్డు మీదికే పోవాలి, అప్పుడు ఇంకుడు గుంత కాస్త పెద్దది చేసుకోవడం, కాలనీ సంఘం తరఫున కాలువ కోసం అర్జీ పెట్టడం రెండూ చేయాలి.

3. లెవెల్స్ వెనక్కి లెక్కేయండి

రోడ్డు మధ్య భాగాన్ని సున్నా అనుకోండి. కొత్త వెంచర్లో ఇంకా మట్టిరోడ్డే ఉంటే, తర్వాత వేసే రోడ్డు పైభాగం ఎక్కడికి వస్తుందో వెంచర్ వాళ్లను అడిగి, దాన్ని సున్నాగా తీసుకోండి. ఇప్పుడున్న మట్టిరోడ్డును పట్టుకుని లెక్కేస్తే ఆ తర్వాత రోడ్డు పడ్డాక మీరు పల్లంలో ఉంటారు.

- గేటు దగ్గర నేల: రోడ్డు కన్నా 6 అంగుళాలు ఎత్తు. రేపు పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే ఇంకో లేయర్ వేస్తారు, వేయకపోతే ఆశ్చర్యపోవాలి.
- వెనక సెట్‌బ్యాక్ నేల: 60 అడుగులకు వందకు ఒకటి చొప్పున వాలు అంటే 7 అంగుళాలు. కాబట్టి రోడ్డు కన్నా 13 అంగుళాలు.
- ఇంటి బేస్‌మెంట్ (సెల్లార్ కాదు, పునాది మీద ఇంటి నేల మట్టం): చుట్టూ ఉన్న నేలలో అన్నిటికన్నా ఎత్తైన చోటు కన్నా కనీసం 18 అంగుళాలు పైన. 13కి 18 కలిపితే 31, అంటే రోడ్డు మీద నుంచి రెండున్నర అడుగుల పైచిలుకు.

చూశారా, "మూడడుగులు లేపుదాం" అన్న మాటకూ దీనికీ పెద్ద తేడా లేదు. కానీ ఇక్కడ నేల వాలు లెక్కలో ఉంది. ఇల్లు మాత్రం లేపేసి చుట్టూ నేల చదునుగా వదిలేస్తే ఇల్లు మునగదు నిజమే, పునాది చుట్టూ నీళ్లు నిలిచి గోడలకు చెమ్మ ఎక్కుతుంది. నల్లరేగడి నేలలో అయితే ఇంకా ప్రమాదం, ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది, గోడల్లో ఏటవాలు పగుళ్లు దానివల్లే ఎక్కువ వస్తాయి.

గోడ నుంచి బయటికి కూడా వాలు ఉండాలి. నాలుగడుగుల సెట్‌బ్యాక్‌కి ఒక అంగుళం చాలు, కానీ ఆ ఒక్క అంగుళం తప్పకుండా ఉండాలి.

ఇక వాస్తు. ఈశాన్యం పల్లం, నైరుతి ఎత్తు అంటారు. ఉత్తరం, తూర్పు రోడ్లున్న ప్లాటుకు ఏ గొడవా లేదు, వాస్తూ వాలూ ఒకవైపే. దక్షిణం లేదా పడమర రోడ్డు ప్లాటులోనే చిక్కు, పల్లం చేయమన్న మూల రోడ్డుకు ఎదురు మూలలో ఉంటుంది. దీనికోసం ఇంట్లో గొడవ పడకండి. నేల ఈశాన్యానికే వాలనివ్వండి, అక్కడ ఒక ఛాంబర్, నేల బాగా ఇంకేదైతే ఇంకుడు గుంత పెట్టండి, అక్కడి నుంచి కాంపౌండ్ గోడ పక్కగా 160 ఎంఎం పైపు వేసి రోడ్డు వైపు తేండి. అయితే ఈ పైపుకు వాలు నేల మీద దొరకదు, లోతులో దొరకాలి, అంటే గేటు దగ్గరికి వచ్చేసరికి పైపు బాగా కిందికి దిగుతుంది. సైడు కాలువ అంతకన్నా లోతుగా లేకపోతే ఈ పద్ధతి కుదరదు. అప్పుడు మొత్తం నేలనే ఇంకొంచెం ఎత్తు చేసుకోవాలి, లేదా వాస్తు చెప్పేవారితో ఇంకోసారి మాట్లాడుకోవాలి. నీళ్లకు మాత్రం దిక్కులు తెలియవు.

4. నేల ఎంత తాగుతుందో చూసి ఇంకుడు గుంత

వాల్టా చట్టం (నీళ్లు, భూమి, చెట్ల చట్టం) 2002లో వచ్చినప్పటి నుంచీ ఇంటికి వాననీటిని ఇంకించే నిర్మాణం తప్పనిసరి అంటున్నారు కాబట్టి ప్లాన్ అప్రూవల్ కోసం అందరూ ఒక గుంత తవ్విస్తారు. అది పనిచేస్తుందా అని పరీక్ష చేసేవాళ్లు తక్కువ.

పరీక్ష ఇలా చేయండి. అడుగు వెడల్పు, రెండడుగుల లోతు గుంత తవ్వి నిండా నీళ్లు పోయండి. మొదటిసారి పోసినవి ఇంకిపోనివ్వండి, వాటిని లెక్కలోకి తీసుకోవద్దు. రెండోసారి నింపి, గంటకు ఎంత దిగిందో కొలవండి. అంగుళం, ఆపైన దిగితే మంచి నేల. అరంగుళం కూడా దిగకపోతే ఇంకుడు గుంత మీద ఆశలు పెట్టుకోవద్దు. మొదటిసారి లెక్కలోకి తీసుకోవద్దని ఎందుకంటున్నానంటే, ఎండాకాలం నల్లరేగడిలో పగుళ్లుంటాయి, బకెట్లకు బకెట్లు తాగేస్తుంది, ఒకసారి తడిసి పగుళ్లు పూడాక చుక్క కూడా దిగదు.

ఇప్పుడు అసలు లెక్క. 4 బై 4 అడుగులు, 6 అడుగుల లోతు గుంత అంటే మొత్తం 2,700 లీటర్లు. కంకర, ఇసుక నింపాక నీళ్లకు మిగిలే జాగా అందులో నలభై శాతం, అంటే వెయ్యి లీటర్ల పైన కొంచెం. మంచి నేల అయితే గంటకు ఇంకో రెండు మూడొందలు ఇంకుతాయి. పైన మనకు వచ్చింది ఏడు వేలు. కాబట్టి గుంత నిండాక మిగిలినవి పోవడానికి ఓవర్‌ఫ్లో పైపు లేకపోతే ఆ గుంతే మీ వాకిట్లో ఊట అవుతుంది. ఇంకుడు గుంత భూగర్భ జలం కోసం మంచిదే, తప్పకుండా చేయండి, కానీ వరద నీటికి అదొక్కటే దారి అనుకోకండి.

నింపే వరస: అడుగున పెద్ద కంకర, దాని మీద 40 ఎంఎం, తర్వాత 20 ఎంఎం, పైన దొడ్డు ఇసుక. ఇసుక కింద నెట్ వేస్తే ఏటా పై పొర ఒక్కటే తీసి కడుక్కోవచ్చు.

వేరే పద్ధతి: నాలుగడుగుల సిమెంటు రింగులు, చిల్లులున్నవి, దింపి చుట్టూ కంకర పోసి లోపల ఖాళీగా ఉంచొచ్చు. ఆరడుగుల లోతుకు రెండు వేల లీటర్లకు పైనే పడతాయి, శుభ్రం చేయడమూ తేలిక. మూత మాత్రం మనిషి ఎక్కినా కదలని స్లాబు అయి ఉండాలి, పిల్లలున్న ఇల్లయితే దీంట్లో రాజీ వద్దు.

గుంత పునాదికి పదడుగుల దూరంలో ఉంటే మంచిది. 200 గజాల్లో అంత జాగా దొరకడం కష్టం కాబట్టి వీలైనంత ముందు మూలకు, గేటు వైపు జరపండి. నల్లరేగడి అయితే పునాది పక్కన అసలు వద్దు. సెప్టిక్ ట్యాంకుకూ, మంచినీళ్ల సంపుకూ దూరంగా పెట్టండి.

5. స్లాబు నీళ్లు

నాలుగంగుళాల పైపు ఒకటి సుమారు 400 చదరపు అడుగుల స్లాబుకు సరిపోతుంది. వెయ్యి అడుగుల స్లాబుకు మూడు పెట్టండి. ఒకటే పైపు పెట్టి దాని నోట్లో ఆకులు ఇరుక్కుంటే స్లాబు మీద చెరువే. పైపు కింద చివర నేల మీద వదిలేయకుండా ఛాంబర్లోకి దింపండి, లేకపోతే అది పడే చోట మట్టి కోసుకుపోయి పునాది బయటపడుతుంది.

స్లాబు నీళ్లు సంపులోకి తీసుకోవాలనుకుంటే మొదటి ఒకటి రెండు వానలు బయటికి వదిలేసి, ఫిల్టరు ద్వారానే తీసుకోండి.

6. సెట్‌బ్యాక్‌లో పైపు, ఛాంబర్లు

110 ఎంఎం పైపు వందకు ఒకటి వాలులో సెకనుకు సుమారు ఆరు లీటర్లు మోస్తుంది. మన ఏడు వేల లీటర్లు గంటకు అంటే సెకనుకు రెండే. మరి 160 ఎందుకంటే, వాన గంటంతా ఒకేలా పడదు, పది నిమిషాలు దంచికొడుతుంది, పైగా పైపులో మట్టి చేరుతుంది, మేస్త్రీ వేసే వాలు మీరు చెప్పినంత ఉండదు. ధరలో తేడా పెద్దగా ఉండదు, 160 వేయండి.

మలుపు ఉన్న ప్రతిచోటా ఛాంబర్, తిన్నటి లైనులో కూడా 20, 25 అడుగులకు ఒకటి. ఛాంబర్ అడుగు పైపు కన్నా నాలుగంగుళాలు లోతుగా ఉంచితే మట్టి అక్కడే ఆగుతుంది. అక్కడి నీళ్లలో దోమలు గుడ్లు పెట్టకుండా అడుగున ఒక చిన్న చిల్లు వదిలేయండి.

కాలువ లోతు లేక పైపు దింపలేకపోతే గోడ పక్కన ఆరంగుళాల తెరిచిన కాలువ కట్టి పైన జాలీ పరచండి. నన్నడిగితే చిన్న ప్లాట్లకు ఇదే మేలు, ఎక్కడ అడ్డుపడిందో కంటికి కనిపిస్తుంది.

సంపు మూత చుట్టూ గట్టు నేల కన్నా కనీసం ఆరంగుళాలు ఎత్తు ఉండాలి. టైల్స్‌తో సమానంగా, అందంగా ఉండాలని మూతను నేలలో కలిపేస్తే ఒక్క వానకు తాగే నీళ్లన్నీ పాడు.

7. గేటు, ర్యాంపు

గేటు లోపల అడ్డంగా జాలీ కాలువ ఒకటి వేసి దాన్ని పైపుకు కలపండి. ర్యాంపు విషయంలో మాత్రం చాలామంది ఇల్లంతా బాగా కట్టి చివర్లో సైడు కాలువను కాంక్రీటుతో పూడ్చేస్తారు. కారు ఎక్కాలి కాబట్టి కాలువ మీద తీసి పెట్టుకునే స్లాబులు గానీ ఇనుప జాలీలు గానీ వేయండి, కింద కాలువ వెడల్పు ఏమాత్రం తగ్గకూడదు. మీ ఒక్క ర్యాంపు కింద పూడితే పైనున్న పది ఇళ్ల నీళ్లు మీ గేటు ముందే ఆగుతాయి.

సెల్లార్ ఉంటే ర్యాంపు మొదట్లో రోడ్డు కన్నా తొమ్మిది అంగుళాలు ఎక్కి, ఆ తర్వాతే దిగేట్టు చేయండి. కింద గుంత, మోటారు ఉండాలి. ఆ మోటారుకు కరెంటు సెల్లార్లోని బోర్డు నుంచి ఇవ్వొద్దు, పై అంతస్తు నుంచి ఇవ్వండి.

8. టైల్స్ వేయకముందే పరీక్ష

ఇది తప్పించుకోకండి, ఆ తర్వాత సరిచేయడమంటే టైల్స్ పగలగొట్టడమే. పీసీసీ (టైల్స్ కింద వేసే కాంక్రీటు పొర) అయ్యాక వెనక మూలలో గొట్టం పెట్టి నీళ్లు వదలండి, వీలైతే సగం ట్యాంకరు తెప్పించి ఒక్కసారిగా వదిలితే ఇంకా బాగా తెలుస్తుంది. చూడాల్సినవి: నీళ్లు గోడవైపు వెళ్తున్నాయా, ఏ ఛాంబర్లో ముందు మట్టం పెరుగుతోంది, ఆపిన పది నిమిషాల తర్వాత ఎక్కడ మడుగు మిగిలింది. మడుగు చుట్టూ ముగ్గుతో గీత గీయండి, మేస్త్రీకి మాటలతో చెప్పడం కన్నా అది చూపించడం తేలిక. తర్వాత ఇంకుడు గుంతను నిండా నింపి ఓవర్‌ఫ్లో నిజంగా బయటికి పోతోందో లేదో చూడండి. చివరగా బయట సైడు కాలువకు తాత్కాలికంగా ఇసుక బస్తా అడ్డం పెట్టి నింపితే, నీళ్లు మీ పైపులోకి ఎదురొస్తున్నాయో లేదో తేలిపోతుంది. అయ్యాక బస్తా తీయడం మర్చిపోకండి.

ఇల్లు ఇప్పటికే పల్లంలో ఉంటే

రోడ్డు పెరిగి పెరిగి ఇల్లు కిందికి పోయినవాళ్లు చాలామందే. ఇల్లు జాకీలతో లేపే ముందు చవకైనవి చూడండి. గేటు దగ్గర ఆరంగుళాల గట్టు, పైపు చివర నీళ్లు వెనక్కి రాకుండా వాల్వు, గట్టు లోపల నీళ్లు చేరేలా ఒక గుంత, అందులో ఆటోమేటిక్‌గా ఆన్ అయ్యే చిన్న మోటారు. వాల్వు మూసుకున్నప్పుడు మీ ఇంటి నీళ్లు కూడా బయటికి పోవు, అందుకే మోటారు లేకుండా వాల్వు ఒక్కటే పెట్టుకుంటే సగం పనే. గట్టివాన రోజునే కరెంటు పోతుంది కాబట్టి ఇన్వర్టర్ లైను ఇవ్వండి.

పక్కాయన ఎత్తు లేపినందువల్ల మీ వైపు నీళ్లొస్తుంటే, ఎత్తున్న నేల నుంచి కాలువ అంటూ లేకుండా సహజంగా పారే నీళ్లను కింది నేలవాళ్లు పారనివ్వాలని 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టమే అంటుంది. కానీ మట్టి పోసి లేపడం, స్లాబు నీళ్లన్నీ పైపులో పోగేసి మీ గోడ మీదికి వదలడం సహజంగా పారడం కిందికి రావు. ముందు మాట్లాడి చూడండి, ఇద్దరి గోడల మధ్య ఉమ్మడిగా ఒక కాలువ వేసుకుంటే ఖర్చు సగం అవుతుంది. మీ గోడ పునాదిని ఆనుకుని ఆయన మట్టి పోయించి ఉంటే, కాంపౌండ్ గోడ మట్టి బరువు మోసేలా కట్టింది కాదని కూడా చెప్పండి, తడిసిన మట్టి తోసి గోడ పడిపోతే నష్టం ఇద్దరికీ.

ఏటా ఒకసారి

మృగశిర రాకముందు, రోహిణి కార్తెలోనే ఛాంబర్లన్నీ తెరిచి మట్టి తీయించండి. స్లాబు పైపుల నోళ్లు, జాలీలు, ఇంకుడు గుంత పై ఇసుక, మోటారు ఫ్లోటు చూసుకోండి. మొదటి గట్టివాన పడ్డ రాత్రి గొడుగేసుకుని ఒక్కసారి ఇంటి చుట్టూ తిరిగి ఫోటోలు తీసి పెట్టుకోండి, మరుసటి రోజు మేస్త్రీకి పంపడానికి పనికొస్తాయి.